బ్యాలే టూటూ: పిక్కల దాకా వచ్చే లంగా పళ్ళెంలా ఎందుకు మారింది?

తెరచాటు
అందరికీ నమస్కారం. ‘జిజెల్’, ‘స్వాన్ లేక్’ బ్యాలేల రికార్డింగులు ఒకదాని వెంట ఒకటి చూశాను. మొదటిదాని రెండో అంకంలో దెయ్యాలైన అమ్మాయిలందరూ పిక్కల మధ్య వరకు జాలువారే తెల్లటి మెత్తని లంగాల్లో ఉన్నారు. రెండోదానిలో హంసలకు తుంటి దగ్గర నుంచి అడ్డంగా నిలబడిన గుండ్రటి పళ్ళెం. రెండింటినీ టూటూ అనే అంటున్నారు. ఇది ఉత్త ఫ్యాషన్ మార్పేనా, వెనక వేరే కారణం ఉందా? ఎవరు కత్తిరించారు, ఎందుకు? వివరంగా చెప్పండి, నాకు తొందర లేదు.

పాతచిత్రాలు
తొందర లేదన్నారు కాబట్టి దూరం నుంచే వస్తాను.

ఫ్రాన్సు రాజు 14వ లూయీ కాలంలో బ్యాలే దర్బారు దుస్తుల్లోనే సాగేది. 1681లో పారిస్ ఒపేరా వేదిక మీదికి వృత్తి నర్తకీమణులు వచ్చినప్పుడు కూడా వాళ్ళ ఒంటి మీద ఉన్నది రాణివాసపు వేషమే. నేలను తాకే బరువైన పట్టు, ఎత్తు మడమల జోళ్ళు, విగ్గు, తరచుగా ముఖానికి తొడుగు. తర్వాతి శతాబ్దంలో వీటికి తోడు నడుముకు రెండు పక్కలా లంగాను ఉబ్బెత్తుగా నిలబెట్టే చట్రం వచ్చింది. ఆ బరువుతో ఎగరడం మాట అటుంచి, గిర్రున తిరగడమే గగనం. ఎగిరే విద్యంతా మగవాళ్ళ సొత్తుగా ఉండిపోయింది.

తొలి కత్తెర మారీ కామర్గోది. 1726లో పారిస్‌లో అరంగేట్రం చేసిన ఈమెకు గాలిలో పాదాలను చకచకా మార్చి తాటించే అడుగుల్లో మగవాళ్ళను మించిన నేర్పు ఉంది. నేలను ఊడ్చే లంగా కింద ఆ పనితనం ఎవరికి కనిపిస్తుంది? అంచును చీలమండల పైకి తెచ్చింది. నాలుగు వేళ్ళ గుడ్డ తగ్గితే ఊరంతా గగ్గోలు పెట్టింది. లాంక్రే వేసిన ఆమె బొమ్మల్లో పాదం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడండి, చిత్రకారుడి దృష్టి ఎక్కడుందో తెలుస్తుంది.

ఆమె పోటీదారు మారీ సాలే వేరే దారి పట్టింది. 1734లో లండన్‌లో ‘పిగ్మాలియన్’ ఆడినప్పుడు చట్రం తీసేసి, జుట్టు విరబోసుకుని, గ్రీకు శిల్పాల తీరులో పలచటి మస్లిన్ కట్టుకుంది. ఒకరు పొడవు తగ్గిస్తే ఒకరు బరువు తగ్గించారు. మీరు చూసిన రెండు రకాల టూటూలూ ఈ రెండు దారుల్లో నుంచి వచ్చినవే.

అడ్డంగా
ఇవన్నీ మర్యాదగా చెప్పుకునే మాటలు. డబ్బున్న మగవాళ్ళు ఆడవాళ్ళ కాళ్ళు చూడడానికి టికెట్లు కొన్నారు, లంగాలు పొట్టివయ్యాయి. అంతకు మించి ఏముంది?

పాతచిత్రాలు
అదీ ఉంది, దాచాల్సిన పని లేదు. 19వ శతాబ్దపు పారిస్ ఒపేరాలో ఏడాది చందా కట్టిన పెద్దమనుషులు నర్తకీమణులు సాధన చేసుకునే గదిలోకి నేరుగా వెళ్ళగలిగేవారు. దెగా చిత్రాల్లో తెర పక్కన నల్లకోటుతో సగం కనిపించే మనిషి వాళ్ళలో ఒకడే. దెగా 1881లో ప్రదర్శించిన పద్నాలుగేళ్ళ నర్తకి మైనపు బొమ్మకు నిజమైన గుడ్డతో లంగా తొడిగాడు. దానికి నమూనాగా నిలబడిన మారీ వాన్ గోథెమ్ ఒక చాకలామె కూతురు. ఒపేరాలో చేరిన పిల్లల్లో చాలామంది ఇళ్ళ పరిస్థితి అలాంటిదే.

కానీ మీ లెక్క ప్రకారమైతే 18వ శతాబ్దంలో మగ నర్తకులు తొడల మీద గొడుగులా విచ్చుకునే గట్టి పొట్టి లంగాలు ఎందుకు వేసుకున్నారు? వాటిని తొనెలే అనేవారు. 1760లో అచ్చయిన లేఖల్లో నోవెర్ అనే నాట్యాచార్యుడు ఆ తొనెలేలను, ముఖం తొడుగులను, ఆడవాళ్ళ చట్రాలను కలిపి ఏకిపారేశాడు. కాళ్ళు కనిపించేలా అడ్డంగా నిలబడే లంగా ముందు మగవాళ్ళ ఒంటి మీదే ఉంది.

అడ్డంగా
ఆ తొనెలే సంగతి కొత్తగా వింటున్నాను. మగవాళ్ళది ఎవరూ గుర్తు పెట్టుకోలేదు, ఆడవాళ్ళది మాత్రం బొమ్మలై గోడలకెక్కింది. అదే నేననేది.

నేపథ్యం
నాటకాలకు దీపాలు అమర్చే మనిషిని కాబట్టి ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెబుతాను. జిజెల్ లంగా పుట్టడంలో కత్తెరకు ఎంత పాత్ర ఉందో గ్యాసు దీపానికీ అంతే ఉంది.

1822లో పారిస్ ఒపేరాలో గ్యాసు దీపాలు వచ్చాయి. అంతకు ముందు కొవ్వొత్తులు, నూనె దీపాలు. వాటిని వేదిక మొత్తానికీ ఒక్కసారిగా తగ్గించడం, పెంచడం కష్టం. గ్యాసుకు మీట తిప్పితే చాలు, వెన్నెల కురుస్తుంది. 1831 నవంబర్‌లో ‘రాబర్ట్ ల దియాబ్ల్’ ఒపేరాలో, పాడుపడ్డ మఠంలో సమాధుల నుంచి సన్యాసినుల ప్రేతాలు లేచి వచ్చే దృశ్యం పెట్టారు. మసక వెలుతురులో తెల్ల బట్టలు. జనం వెర్రెత్తిపోయారు. ఆ ప్రేతాలకు నాయిక మారీ తాల్యోనీ.

నాలుగు నెలలు తిరగకుండా, 1832 మార్చి 12న, ఆమె తండ్రి ఫిలిప్పో తాల్యోనీ కూర్చిన ‘లా సిల్ఫీద్’ వచ్చింది. బిగుతైన తెల్ల బాడీ (పై రవిక), గంట ఆకారంలో పిక్కల వరకు దిగే పలచటి పొరల లంగా, వీపున చిన్న రెక్కలు. రూపకల్పన యూజీన్ లామీది అంటారు. దట్టమైన తెల్ల గుడ్డ మీద వెలుతురు పడితే తిరిగి కళ్ళలో కొడుతుంది. పలచటి గుడ్డ పొరలు పొరలుగా ఉంటే వెలుతురు లోపలికి పోయి అక్కడే నిలుస్తుంది, మనిషి అంచులు కరిగిపోతాయి. ఇప్పటికీ మేము పొగమంచు కావాలంటే వేదిక మీద తెల్ల నెట్ గుడ్డే కడతాం. 1841లో ‘జిజెల్’ వచ్చేసరికి దెయ్యానికి, అప్సరసకు, ఆత్మకు అదే యూనిఫారం అయిపోయింది.

మిల్లుమనిషి
నేపథ్యం గారు వెలుతురు చెప్పారు, గుడ్డ సంగతి నేను చెబుతాను. నా ఉద్యోగమంతా మిల్లుల్లోనే గడిచింది.

చేత్తో అల్లే నెట్ 18వ శతాబ్దంలో రాజులకే దక్కే సరుకు. 1808, 1809 సంవత్సరాల్లో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లీషు మెకానిక్ నెట్ తయారుచేసే బాబినెట్ యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాడు. మామూలు మగ్గం మీద నిలువు దారం, అడ్డ దారం ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఇతని యంత్రంలో అడ్డ దారాలు నిలువు దారాలను చుట్టుకుంటూ ఏటవాలుగా పోతాయి. ఆరు మూలల కన్ను వస్తుంది. ఇందులో కిటుకు ఏమిటంటే, ఈ గుడ్డను ఎక్కడ కోసినా దారం ఊడిరాదు. అంచు మడిచి కుట్టనక్కర్లేదు. పది పొరల లంగాకు పది అంచులు మడవాల్సి వస్తే ఆ బరువుకే కిందికి వాలిపోతుంది. మడత లేని అంచు దొరికింది కాబట్టే పొర మీద పొర వేయగలిగారు.

1816లో లఫ్‌బరోలోని అతని ఫ్యాక్టరీ మీద లడ్డైట్లు (యంత్రాలు తమ పని లాక్కుంటున్నాయని తిరగబడ్డ కార్మికులు) రాత్రివేళ పడి 55 యంత్రాలు పగలగొట్టారు. అతను ఊరు వదిలి డెవన్‌లోని టివర్టన్ చేరాడు. అక్కడ ఆ పేరుతో మిల్లు ఇంకా నడుస్తోంది.

ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో లంగాలన్నీ టల్‌ అనే ఈ నెట్ గుడ్డతో కుట్టలేదు. మస్లిన్, ఇంకా ఎక్కువగా టార్లటాన్ వాడారు. టార్లటాన్ అంటే బాగా పలచగా నేసి గంజి పెట్టిన నూలు గుడ్డ. వేసుకున్న కాసేపు బ్రహ్మాండంగా నిలబడుతుంది. చెమట తగిలిందా, చచ్చుబడిపోతుంది.

సూదిదారం
మిల్లుమనిషి గారూ, చెమట సంగతి మాకు చెప్పాలా! విజయవాడలో మే నెల ముహూర్తానికి గంజి పెట్టిన లైనింగ్ వేసి చూడండి.

నాదొక సందేహం. పెళ్ళి లెహంగాల కింద మేము వేసే క్యాన్‌క్యాన్ కూడా గట్టి నెట్ కుచ్చుల వరుసలే. అది కిందికి దిగుతూ ఉబ్బుతుంది గానీ అడ్డంగా నిలబడదు. మరి హంసల పళ్ళెం పడిపోకుండా ఎలా ఆగుతుంది? లోపల ఇనప కమ్మీ ఉంటుందా?

డల్లాస్_అమ్మ
సూదిదారం గారూ, మా అమ్మాయి బ్యాలే బడిలో కాస్ట్యూమ్ గదికి చేతిసాయం వెళ్తుంటాను. లోపల నుంచి చూశాను, చెబుతాను.

పునాది లంగా కాదు, నిక్కరు. దానికే పొరలన్నీ కుడతారు. కింద, తొడ దగ్గర, రెండు మూడు అంగుళాల వెడల్పున్న చిన్న కుచ్చు. దాని మీద కాస్త వెడల్పైనది. అలా పైకి పోయే కొద్దీ వెడల్పు పెరుగుతుంది. అన్నిటికన్నా పైది పద్నాలుగు పదిహేను అంగుళాలు ఉంటుంది. పది పన్నెండు పొరలు మామూలే. చిన్న పొర పెద్ద పొరను కింద నుంచి ఎత్తి పట్టుకుంటుంది. కుచ్చు ఎంత దట్టంగా తొక్కితే అంత బలం. నా చేతి వేళ్ళకు సూది దిగిందంటే అక్కడే.

తర్వాత పొరలన్నీ కలిపి అక్కడక్కడ వదులు టాకాలు వేస్తారు. దారం బిగిస్తే నెట్ నొక్కుకుపోతుంది, మరీ వదిలేస్తే పొరలు విడివిడిగా రెపరెపలాడతాయి. మా గదిలో పెద్దావిడ ఒకామె టాకాకు టాకాకు మధ్య వేలు పెట్టి చూసుకుంటూ వేస్తుంది. ఇక కమ్మీ అంటారా, అన్నిటికీ ఉండదు. బాగా చదునుగా కావాలనుకున్న వాటికి మధ్య పొరల్లో ఒకదానికి దారి కుట్టి, వంగే సన్నటి స్టీలు పట్టీ దూరుస్తారు.

దాచేటప్పుడు తలకిందులుగా వేలాడదీస్తాం, లేదా ఒకదాని మీద ఒకటి పళ్ళేల్లా పేరుస్తాం. నిటారుగా తగిలిస్తే నాలుగు రోజుల్లో గొడుగు ముడుచుకున్నట్టు అయిపోతుంది.

తెరచాటు
మీ అందరికీ ధన్యవాదాలు. మరి గ్యాసు దీపాలు, గంజి పెట్టిన నూలు గుడ్డ... నిప్పు అంటుకునేది కాదా?

నేపథ్యం
అంటుకునేది. చాలామంది పోయారు.

1844 డిసెంబర్‌లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో క్లారా వెబ్‌స్టర్ లంగాకు వేదిక మీది దీపం నుంచి, ప్రేక్షకుల కళ్ళ ముందే నిప్పంటుకుంది. మూడు రోజుల్లో చనిపోయింది. 1861లో ఫిలడెల్ఫియాలో ఒకరి బట్టలకు అంటుకున్న మంటను ఆర్పబోయి మరొకరు అంటించుకుని, గేల్ అక్కచెల్లెళ్ళతో సహా పలువురు నర్తకీమణులు బలయ్యారు. పలచటి నూలు, పొరల మధ్య బోలెడు గాలి, చుట్టూ తెరిచిన మంటలు. పొయ్యి రాజేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పాతచిత్రాలు
వీటన్నిటిలో ఎక్కువమందికి తెలిసినది ఎమ్మా లివ్రీ కథ. కొంచెం ఆగి చెప్పుకోవాలి.

మారీ తాల్యోనీకి వారసురాలని పేరు పడ్డ అమ్మాయి. తాల్యోనీ స్వయంగా పారిస్ వచ్చి ఆమెకు నేర్పింది. 1860లో ఆమె కోసమే ‘ల పపియోన్’ అనే బ్యాలే కూర్చింది. సంగీతం ఓఫెన్‌బాక్. దీపం మంటకు రెక్కలు కాలే సీతాకోకచిలుక పాత్ర అందులో ఉంది. ఇది ఎవరో తర్వాత అల్లిన కట్టుకథ కాదు.

అప్పటికే మందు ఉంది. కార్తెరాన్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిలో పటిక కలిపిన ద్రావణంలో గుడ్డ ముంచితే త్వరగా మంట పట్టదు. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం థియేటర్లలో ఇది తప్పనిసరి చేసింది. నర్తకీమణులకు నచ్చలేదు. ముంచిన గుడ్డ బిరుసెక్కుతుంది, మాసినట్టు పసుపు తిరుగుతుంది, తేలదు. లివ్రీ తన మామూలు లంగాలోనే నాట్యం చేస్తానని, ఏం జరిగినా బాధ్యత తనదేనని 1860లో ఒపేరా అధికారికి ఉత్తరం రాసి ఇచ్చింది.

1862 నవంబర్ 15. ‘లా మ్యుయెట్ ద పోర్తిచి’ రిహార్సల్. ఆమె తెర పక్కన తన వంతు కోసం ఎదురు చూస్తోంది. నలగకుండా లంగా పొరలు పైకెత్తి దులిపింది. ఆ గాలికి పక్కనున్న గ్యాసు మంట ఎగసి గుడ్డకు అందుకుంది. మంటలతో వేదిక మీద పరుగెత్తింది. అగ్నిమాపక సిబ్బందిలో ఒకతను తడి కంబళి చుట్టి ఆర్పాడు. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జులై 26న కన్నుమూసింది. అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఆమె దుస్తుల్లో కాలగా మిగిలిన పీలికలు పారిస్ ఒపేరా మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

అడ్డంగా
అంటే అందంగా కనిపించాలన్న ఒత్తిడికి ఆ పిల్ల ప్రాణం పోయింది. బాధ్యత తనదని సంతకం పెట్టించుకుని చేతులు దులుపుకున్నారు.

డల్లాస్_అమ్మ
అడ్డంగా గారూ, సంతకం పెట్టించుకోలేదు, తనే రాసిచ్చింది. అది ఒత్తిడి మాత్రమే అని నేననుకోను. గుడ్డ బిరుసుగా ఉంటే అడుగు తేడాగా పడుతుందని మా పిల్లలు కూడా కాస్ట్యూమ్ రిహార్సల్ రోజున ఏడుస్తారు. లంగా ఎలా కదులుతుందో వాళ్ళకు ఒంట్లో భాగంలా తెలుసు. చట్టం చేసినవాళ్ళు గుడ్డను మార్చమన్నారు, మంటకు జాలీ బిగించమని మాత్రం గట్టిగా అడగలేదు. నా కోపం అక్కడ.

నేపథ్యం
నిజమే. అసలు పరిష్కారం దీపాన్ని మార్చడమే. 1881లో తెరుచుకున్న లండన్ సవాయ్ థియేటర్ ఆ ఏడాది చివరికల్లా పూర్తిగా విద్యుత్ దీపాలకు మారింది. తర్వాతి ఏళ్ళలో మిగతావీ ఆ బాట పట్టాయి.

పాతచిత్రాలు
ఇక పొట్టి టూటూ. ఇక్కడ కథ పారిస్ నుంచి సెంట్ పీటర్స్‌బర్గ్‌కు మారుతుంది. 1880ల్లో ఇటలీ నుంచి గట్టి సాధన ఉన్న నర్తకీమణులు రష్యాకు వచ్చారు. 1885లో వచ్చిన విర్జీనియా జుక్కీ, ఇంపీరియల్ థియేటర్ నియమం ప్రకారం ఉండే పొడవు లంగా వేసుకోనని మొండికేసి పొట్టిది వేసుకుంది. పియెరీనా లెన్యానీ 1893లో ‘సిండ్రెల్లా’లో, 1895లో ‘స్వాన్ లేక్’లో ఒంటి కాలి మీద ఆగకుండా 32 చుట్లు తిరిగింది. రెండో కాలు కొరడాలా విసిరి లాక్కుంటే వచ్చే వేగం అది. పిక్కల దాకా గుడ్డ ఉంటే ఆ కాలికి చుట్టుకుంటుంది, మోకాలు నిటారుగా ఉందో లేదో ఎవరికీ కనిపించదు. కామర్గోకు చీలమండ చూపించాల్సి వచ్చింది, వీళ్ళకు తొడ నుంచి మొత్తం కాలు.

అయితే లెన్యానీ ఫొటోలు చూసి తెరచాటు గారు నిరాశ పడకండి. ఆమెది పళ్ళెం కాదు. మోకాళ్ళ దగ్గరికి వాలిన, బాగా ఉబ్బిన గంట. చదునైన పళ్ళెం 20వ శతాబ్దంలో మెల్లమెల్లగా పైకి లేచింది. నేటి ‘స్వాన్ లేక్’ ప్రదర్శనల్లో సంప్రదాయం అనుకుని చూసేది చాలావరకు ఆ తర్వాతి కుట్టుపనే.

నట్టువాంగం
చర్చ బాగుంది. కూచిపూడి నేర్పుతాను కాబట్టి మా వైపు నుంచి ఒక మాట. మా ఆహార్యంలో కాళ్ళ మధ్య విసనకర్రలా విచ్చుకునే కుచ్చెళ్ళు చూసే ఉంటారు. నిటారుగా నిలబడితే ముడుచుకుని ఉంటాయి. అరమండిలో మోకాళ్ళు పక్కలకు వంచి కూర్చుంటే విచ్చుకుంటాయి. మా నాట్యంలో చూపాల్సింది వంగిన మోకాలు, కనుక బట్ట అక్కడ తెరుచుకుంటుంది. వాళ్ళది తుంటి నుంచి చాచిన కాలు, కనుక బట్ట తుంటి దగ్గరే పక్కకు తప్పుకుంటుంది. ఎవరి అడుగు వాళ్ళ బట్టను కత్తిరించింది.

మన వైపు ఈ కుట్టిన ఆహార్యం మరీ పాతదేమీ కాదు. 1930ల తర్వాత వ్యాపించినదే. అందులో ముఖ్యురాలు రుక్మిణీదేవి అరండేల్. ఆమె ముందు నేర్చుకోవాలనుకున్నది బ్యాలే! రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాను చూసి ముగ్ధురాలై, పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర పాఠాలు మొదలుపెట్టింది. మీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవాయే చెప్పిందంటారు. 1936లో అడయారులో కళాక్షేత్రం మొదలయ్యాక భరతనాట్యానికి వేషం, దీపాలు, తెర అన్నీ ఆమె కొత్తగా తీర్చింది. టూటూ నుంచి విసనకర్ర వచ్చిందని నేననడం లేదు, దయచేసి అలా పంచుకోకండి. వేదికకు తగ్గట్టు బట్టను కుట్టించాలి అన్న ఆలోచన మాత్రం ఆమె బ్యాలే నుంచి నేర్చుకుందనే నా నమ్మకం.

అడ్డంగా
నట్టువాంగం గారూ, చీర కట్టుకుని చేసిన నాట్యానికి ఏం తక్కువైందని కుట్టారు?

నిర్వాహకులు
ఆ చర్చకు సంప్రదాయ నాట్యాల విభాగంలో వేరే శీర్షిక ఉంది. ఇక్కడ టూటూ దాటి పోవద్దు. రెండు వ్యాఖ్యలు అక్కడికి తరలించాం.

మిల్లుమనిషి
పళ్ళెం ఎప్పుడు నిలబడిందన్న దానికి గుడ్డ వైపు నుంచి జవాబు నైలాన్. 1938లో డ్యుపాంట్ ప్రకటించింది. యుద్ధంలో అదంతా పారాచూట్లకు పోయింది. యుద్ధం తర్వాత నెట్‌గా బజారుకు వచ్చింది. గంజి అక్కర్లేదు, చెమటకు లొంగదు, తేలిక. ఈనాటి నైలాన్ నెట్ హీత్‌కోట్ యంత్రం మీద కాదు, అల్లిక యంత్రం మీద తయారవుతుంది.

పాతచిత్రాలు
యుద్ధం అనగానే 1946 ఫిబ్రవరి 20 గుర్తొచ్చింది. లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్ యుద్ధం తర్వాత ‘స్లీపింగ్ బ్యూటీ’తో తెరుచుకుంది. నాయిక మార్గట్ ఫాంటేన్. బట్టలు ఇంకా రేషనులోనే ఉన్నాయి. రంగాలంకరణ, దుస్తుల రూపకర్త ఆలివర్ మెసెల్ దొరికిన గుడ్డతో రాజాస్థానాన్ని నిలబెట్టాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, మీటర్ల కొద్దీ గుడ్డతో విచ్చుకున్న లంగాలతో తొలి ప్రదర్శన ఇచ్చాడు. కరువులో మగ్గిన జనానికి రెండూ ఒకే ఆకలి తీర్చాయి. 1950ల పార్టీ గౌన్లలో తాల్యోనీ గంట ఆకారం తిరిగి వచ్చింది, ఈసారి నైలాన్ లోలంగా మీద.

టూటూను మళ్ళీ మొదటి నుంచి ఆలోచించినది మాత్రం దుస్తుల రూపకర్త బార్బరా కరిన్స్కా. 1886లో ఖార్కివ్‌లో పుట్టింది. విప్లవం తర్వాత పారిస్, లండన్, ఆపైన న్యూయార్క్. 1948 నాటి ‘జోన్ ఆఫ్ ఆర్క్’ సినిమాకు డొరొతీ జీకిన్స్‌తో కలిసి ఆస్కార్ అందుకుంది. దుస్తులకు ఆస్కార్ ఇచ్చింది ఆ ఏడాదే మొదలు. న్యూయార్క్‌లో బ్యాలేలు కూర్చే జార్జ్ బాలంచిన్ బృందంలో ఒక చిక్కు ఉండేది. అతని ‘సింఫనీ ఇన్ సి’ చివర్లో యాభై మంది దాకా ఒకేసారి వేదిక మీద ఉంటారు. కమ్మీ ఉన్న పళ్ళెం ఒక అంచు పక్కవాళ్ళకు తగిలితే రెండో అంచు పైకి లేస్తుంది. ఒకరికి తగిలితే వరుసంతా తూగుతుంది. 1950లో కరిన్స్కా కమ్మీ తీసేసింది. పొరలు ఆరేడుకు తగ్గించి, పొట్టి చేసి, వదులు టాకాలు వేసింది. తగిలితే నలిగి మళ్ళీ విచ్చుకుంటుంది. దానికి పౌడర్ పఫ్ అని పేరు. అమెరికా బ్యాలే రూపురేఖలు అక్కడి నుంచి మారాయి.

ఆమె బాడీలకు గుడ్డను నిలువుగా కాకుండా ఏటవాలుగా కోసేది. ఊపిరి పీల్చితే సాగుతుంది.

సూదిదారం
ఏటవాలు అంటే మా క్రాస్ కట్ జాకెట్టే. నిలువు కోత జాకెట్టులో చెయ్యెత్తితే చంక దగ్గర పట్టేస్తుంది, క్రాస్‌లో పట్టదు. గుడ్డ మాత్రం ఎక్కువ తింటుంది. అందుకే కస్టమర్లు ఒప్పుకోరు.

బాడీకి వెనక జిప్పు వేస్తారా?

డల్లాస్_అమ్మ
జిప్పు వేయరు. వేదిక మీద జిప్పు పళ్ళు ఊడిందంటే ఇక ఆశ లేదు. హుక్కు ఒకటి ఊడినా మిగతావి ఆపుతాయి. పైగా హుక్కుల వరుసలు రెండు మూడు ఉంటాయి, ఒకే బాడీ వేర్వేరు నడుములకు సరిపోతుంది. లోపల పట్టీ మీద ఇదివరకు వేసుకున్నవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

ఉతకడం మాట అడగకండి. అలంకరణ అంతా చేతి కుట్టు, నీళ్ళలో వేయలేం. చెమట వాసనకు వోడ్కా నీళ్ళలో కలిపి చల్లుతారు. మా ఆయన మొదట నమ్మలేదు, సీసా ఖాళీ అయ్యాక నమ్మాడు.

తెరచాటు
మగ నర్తకుల సంగతి? ఆ పళ్ళెం వాళ్ళకు అడ్డం రాదా?

నేపథ్యం
వస్తుంది. నడుము పట్టుకున్నవాడికి ఆమె పాదాలు కనిపించవు. ఆమె బరువు ఏ వైపు ఒరుగుతోందో అరచేతులతో తెలుసుకోవాలి. పొడవు లంగాతో ఇంకో చిక్కు. పైకెత్తినప్పుడు గుడ్డంతా అతని ముఖం మీద పడుతుంది.

అడ్డంగా గారికి ఇంకోటి: 1911లో రష్యన్ నర్తకుడు నిజిన్‌స్కీ ‘జిజెల్’లో కాళ్ళ తొడుగు మీద వేయాల్సిన పొట్టి నిక్కరు వేసుకోలేదని ఇంపీరియల్ థియేటర్ నుంచి తీసేశారు. కనిపించకూడదన్న గోల మగవాళ్ళకూ తప్పలేదు. ఇక 1974 నుంచి న్యూయార్క్‌లో ట్రాకడేరో బృందం మగవాళ్ళు టూటూలూ, మునివేళ్ళ మీద నిలబడే గట్టి మొనల బూట్లూ వేసుకుని నవ్విస్తూనే అసలైన అడుగులు వేస్తున్నారు. 1995లో ఇంగ్లీషు నాట్యకర్త మాథ్యూ బోర్న్ తన ‘స్వాన్ లేక్’లో మగ హంసలకు టూటూ తీసేసి ఈకల కుచ్చుల లాగులు వేశాడు.

సూదిదారం
ఫ్యాషన్ మాట తక్కువ చెప్పారు. 2001 ఆస్కార్‌కు గాయని బ్యోర్క్ వేసుకున్న హంస గౌను నాకు గుర్తుంది, మార్యాన్ పెయోస్కీ చేసినది. అప్పుడందరూ నవ్వారు, ఇప్పుడు మ్యూజియంలో పెడుతున్నారు. మా దగ్గర మొదటి పుట్టినరోజు ఫ్రాకుల్లో ముప్పాతిక వంతు నెట్ కుచ్చులే. పాపకు గుచ్చుకుంటుందండీ అని చెబితే ఫొటోకే కదా అంటారు. నైలాన్ నెట్ చిన్నపిల్లల ఒంటికి నేరుగా తగలనివ్వకండి, కింద నూలు లైనింగ్ వేయించండి.

డల్లాస్_అమ్మ
నా వైపు నుంచి ఒక అసంతృప్తి. టూటూ కింద వేసే కాళ్ళ తొడుగులు, బూట్లు గులాబీ రంగులోనే ఎందుకు? అది తెల్లవాళ్ళ ఒంటి రంగుకు దగ్గర, కాలు గీత నడుము నుంచి బొటనవేలి వరకు తెగకుండా కనిపించాలని పెట్టిన నియమం. మా పిల్లల చామనఛాయ చేతుల కింద గులాబీ కాళ్ళు ఎవరివో అతికించినట్టు ఉంటాయి.

పాతచిత్రాలు
దీనికి పాత జవాబే ఉంది. ఆర్థర్ మిచెల్ 1969లో మొదలుపెట్టిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌లో, 1974 నుంచి నర్తకీమణులు ఎవరి ఒంటి రంగుకు తగ్గ తొడుగులు వాళ్ళు వేసుకుంటున్నారు. బూట్లకు చాలాకాలం రంగులు అద్దుకోవాల్సి వచ్చింది. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ గోధుమ రంగుల్లో బూట్లు చేసింది 2018లో. మీ బడి పెద్దలకు హార్లెమ్ ఫొటోలు చూపించి అడగండి.

డల్లాస్_అమ్మ
అడుగుతాను. వచ్చే ప్రదర్శన కమిటీలో నేనూ ఉన్నాను.

సూదిదారం
డల్లాస్_అమ్మ గారూ, చివరగా ఒకటి. మా వీధి చివర బడిలో వార్షికోత్సవానికి ఎనిమిది మంది పిల్లలకు పళ్ళెం టూటూలు కుట్టమన్నారు. గట్టి నెట్ తెప్పించాను. నిక్కరు కొలత నిలబెట్టి తీసుకుంటే సరిపోతుందా?

డల్లాస్_అమ్మ
చాలదు. నిలబెట్టి ఒకసారి, కాలు వెనక్కి ఎత్తించి ఒకసారి తీసుకోండి. లేదంటే కాలెత్తగానే నిక్కరు పైకి లాక్కుపోతుంది, పళ్ళెం ముందుకు ఒరిగి ముఖానికి తగులుతుంది. కాళ్ళ దగ్గర ఎలాస్టిక్ వేయండి. చిన్నపిల్లలకు ఏడు పొరలు చాలు, కమ్మీ వద్దు. టాకాలు మాత్రం పిల్ల ఒంటి మీద వేసి చూశాకే వేయండి.